దవడ వాపు, బీమా షరతులు

వరద నీటికి మా లంక కాజ్‌వే మునిగి, రాకపోకలన్నీ పడవల మీద సాగుతున్న రోజుల్లో నా కుడి దవడ కింద వాపు మొదలైంది. సాయంత్రానికి నోరు సరిగా తెరుచుకోలేదు. తెల్లవారేసరికి జ్వరంతో పాటు మంచినీళ్ళు మింగడం కూడా కష్టమైంది. మావారు నన్ను పడవలో అవతలి గట్టుకు చేర్చి, అక్కడి నుంచి ఆటోలో అమలాపురం తీసుకువెళ్ళారు. దంత వైద్యురాలు నా మెడ తడిమి చూసి, ఇది తన క్లినిక్‌లో చేసే వైద్యం కాదని, ఆలస్యం చేయకుండా పెద్ద ఆసుపత్రిలో చేరి నోటి శస్త్రచికిత్స నిపుణులకు చూపించుకోవాలని చెప్పి, తానే ఫోన్ చేసి ఏర్పాటు చేశారు. ఆమె ఆ పూట చూపిన తొందరే నన్ను కాపాడిందని నమ్ముతున్నాను.

పంటి జబ్బు ప్రాణం మీదికి ఎలా వస్తుందో అక్కడి సర్జన్ గారు ఎక్స్‌రే చూపిస్తూ ఓపికగా వివరించారు. పన్నుకు పైన ఎనామెల్, దాని కింద డెంటిన్, నడుమ నరాలూ రక్తనాళాలూ ఉండే పల్ప్ ఉంటాయి. పుచ్చు పల్ప్ దాకా చేరితే ఆ పల్ప్ క్రమంగా చచ్చిపోతుంది. అప్పుడు నొప్పి కొంతకాలం తగ్గిపోతుంది కూడా, కానీ సూక్ష్మజీవులు వేరు కొస నుంచి ఎముకలోకి దిగి చీముగడ్డ కడతాయి. కింది వరుసలో చివరనున్న పళ్ళ వేర్ల కొసలు, నాలుక కింద పరుచుకున్న కండరం దవడకు అంటుకునే చోటు కంటే దిగువన ఉంటాయి కనుక, ఆ చీము నోట్లోకి రాకుండా దవడ కిందికీ మెడలోకీ దిగే ప్రమాదం ఉంది. అది రెండు వైపులా పాకి నాలుకను పైకి నెట్టినప్పుడు ఊపిరి దారే మూసుకుపోవచ్చు. ఆ స్థితిని లుడ్విగ్స్ ఆంజైనా అంటారు. నాకు వాపు ఒక పక్కనే ఆగింది. షుగరు ఉన్నవారిలో ఇటువంటి ఇన్ఫెక్షన్ త్వరగా ముదురుతుంది కనుక, చీము తీసి, రక్తనాళంలోకి యాంటీబయాటిక్స్ ఎక్కిస్తూనే నా షుగరును కూడా ఇన్సులిన్‌తో అదుపులో ఉంచారు.

జ్వరం దిగి, జావ మింగగలుగుతున్న దశలో బీమా వ్యవహారం ముందుకు వచ్చింది. నాది ఆరోగ్య సంజీవని పాలసీ. 2020 ఏప్రిల్ నుంచి ఆరోగ్య బీమా కంపెనీలన్నీ దాదాపు ఒకే షరతులతో అమ్ముతున్న పాలసీ ఇది. బ్యాంకులో పనిచేసే మా మేనకోడలు మంచం పక్కన కూర్చుని పత్రంలోని ప్రతి మాటా చదివి వినిపించింది. "అత్తయ్యా, బీమా మొత్తం రెండు లక్షలు అంటే ఏడాదికి అంతకు మించి ఇవ్వరని. గది అద్దె అందులో 2 శాతమే, అంటే రోజుకు 4,000. అంతకంటే ఖరీదైన గది తీసుకుంటే మిగతా బిల్లులోనూ కోత పడుతుంది," అని ఆమె చెప్పిన మీదట మేము ఆ లోపు గదిలోనే ఉన్నాం. కోపే అంటే ఒప్పుకున్న బిల్లులో మన వాటా; ఈ పాలసీలో అది 5 శాతం. క్యాష్‌లెస్ అంటే కంపెనీ ముందే అనుమతించి నేరుగా ఆసుపత్రికి చెల్లించడం. రీయింబర్స్‌మెంట్ అంటే మనం కట్టి, రసీదులు పంపి, తిరిగి తీసుకోవడం.

కంపెనీ నుంచి మొదట వచ్చిన ప్రశ్న నా షుగరు గురించి. ముందు నుంచీ ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్, అంటే వాటికి బీమా వర్తించని మొదటి గడువు, ఉంటుంది; 2024 ఏప్రిల్ నుంచి అది గరిష్ఠంగా 36 నెలలు. నా పాలసీకి ఆ గడువు ఎప్పుడో దాటింది, షుగరు సంగతి దరఖాస్తులోనే రాసి ఉంది. ఆ కాగితం చూపాక అనుమతి వచ్చింది. అన్ని పాలసీలలో దంత వైద్యం ఉండదని, చాలా వాటిలో ప్రమాదం వల్ల దెబ్బ తగిలితే తప్ప ఇవ్వరని కూడా అప్పుడే తెలిసింది. ఈ పాలసీలో జబ్బు వల్ల అవసరమైన దంత చికిత్స కూడా ఉంది, అయితే ఆసుపత్రిలో చేరితేనే.

డిశ్చార్జి అయ్యాక ఈ వాపుకు మూలమైన పన్ను పీకించుకోమని చుట్టుపక్కల వారు చాలామంది సలహా ఇచ్చారు. పన్ను గోడలు గట్టిగా ఉన్నాయి కనుక నిలబెట్టవచ్చని దంత వైద్యురాలు అన్నారు. రూట్ కెనాల్‌లో ఆమె పన్నుపై రంధ్రం చేసి, చచ్చిన పల్ప్‌ను సన్నని ఫైళ్ళతో తీసి, వేర్లలోని కాలువలను మందు నీళ్ళతో కడిగి, గట్టాపెర్చా అనే పదార్థంతో నింపారు. నరం పోయిన పన్నులో మిగిలిన భాగం నమిలే ఒత్తిడికి పగలకుండా పైన జిర్కోనియా అనే గట్టి పింగాణీ వంటి పదార్థంతో చేసిన క్యాప్ బిగించారు. పళ్ళు క్లీనింగ్ చేయిస్తే వదులైపోతాయన్న భయం మా వైపు ఇంకా ఉంది. నిజానికి పళ్ళను వదులు చేసేది చిగుళ్ళ కింద పేరుకున్న గార, దానిని తీయడం కాదు. షుగరు ఉన్నవారికి ఆ చిగుళ్ళ జబ్బు మరింత తేలికగా వస్తుంది కనుక నేను క్లీనింగ్ కూడా చేయించుకున్నాను. ఇప్పుడు ఆ వైపు నుంచి హాయిగా నమలగలుగుతున్నాను.

ఆసుపత్రి బిల్లు కోపే పోను మంజూరైంది. డిశ్చార్జి తరువాత 60 రోజుల వరకు అయిన సంబంధిత ఖర్చులు కూడా ఇస్తారు కనుక రూట్ కెనాల్ బిల్లు పంపితే, అది ఓపీ చికిత్స, అంటే ఆసుపత్రిలో చేరకుండా చేయించుకున్నది అని, పాలసీలో ఓపీ లేదని తిప్పి పంపారు. మెడలోని చీమును జబ్బుగా ఒప్పుకుని, ఆ చీముకు మూలమైన వేరును శుభ్రం చేయడాన్ని వేరే పనిగా లెక్కించడం నాకు న్యాయంగా తోచలేదు. రూట్ కెనాల్ ఈ ఇన్ఫెక్షన్ కోసమే చేశామని వైద్యురాలి చేత రాయించి, డిశ్చార్జి సమ్మరీతో జతచేసి, కంపెనీ ఫిర్యాదుల అధికారికి పంపాను. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తిగా లేకపోయినా బీమా కంపెనీల మీది ఫిర్యాదులను విచారించే, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. మన రాష్ట్రం ఆ కార్యాలయం పరిధిలోనే ఉంది, రుసుము లేదు, వకీలు అక్కరలేదు. ఆ దరఖాస్తుకు కావలసిన రసీదులన్నీ తేదీల వారీగా పెట్టి ఉంచాను.