గ్రానైట్ ఆఫీసు ఫైల్ సర్వర్‌లో ఎస్ఎంబీ1 ఆపేసిన విధం: నా అనుభవం

చీమకుర్తి బ్లాకుల కొలతల షీట్లు, స్లాబుల ఫొటోలు, ఎగుమతి ఇన్వాయిస్‌లు అన్నీ ఒంగోలు ఆఫీసులో ఒకే ఉబుంటు సర్వర్‌లో, సాంబా షేర్లలో ఉంటాయి. విండోస్ కంప్యూటర్లు నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పద్ధతి ఎస్ఎంబీ. ఆ పద్ధతిని లినక్స్ సర్వర్‌లో నడిపే ప్రోగ్రామ్ సాంబా, ఆ పద్ధతిలో బాగా పాత వెర్షన్ ఎస్ఎంబీ1. సర్వర్‌కు రెండు నెట్‌వర్క్ కార్డులు: ఒకటి ఆఫీసు కంప్యూటర్ల వైపు, రెండోది సీసీ కెమెరాల వైపు. సాంబా రెండు వైపులా వింటోంది. పైగా కాన్ఫిగ్‌లో ‘సర్వర్ మిన్ ప్రోటోకాల్ = ఎన్‌టీ1’, ‘ఎన్‌టీఎల్ఎం ఆథ్ = యెస్’ అని రెండు లైన్లున్నాయి. ఎన్‌టీ1 అంటే సాంబా భాషలో ఎస్ఎంబీ1, రెండో లైను పాత తరహా పాస్‌వర్డ్ తనిఖీని ఒప్పుకుంటుంది. 2019లో వచ్చిన సాంబా 4.11 నుంచి ఎస్ఎంబీ1 డిఫాల్ట్‌గా ఆగిపోయింది. అంటే ఏదో పాత మెషీన్ పనిచేయడం కోసం ఎవరో చేత్తో రాసిన లైన్లే ఇవి. 2017 మే నెలలో వానాక్రై రాన్సమ్‌వేర్ పాకింది విండోస్ ఎస్ఎంబీ1 కోడ్‌లోని లోపం గుండానే. సాంబా కోడ్ వేరే, నిజమే. కానీ కనెక్షన్ మొదట్లోనే మధ్యలో దూరి మాట మార్చేవాణ్ణి పట్టుకునే ఏర్పాటు కొత్త వెర్షన్ ఎస్ఎంబీ 3.1.1లో ఉంది, ఎస్ఎంబీ1లో లేదు. దాన్ని తెరిచి ఉంచడానికి నాకు ఒక్క కారణం కూడా కనిపించలేదు.

అలాగని ముందే లైన్లు తీసేస్తే సోమవారం పొద్దున్నే ఏది ఆగిందో వెతుక్కోవాలి. ఎస్ఎంబీ1 మీద ఎవరున్నారో ముందు తెలియాలి. ‘ఎస్ఎంబీస్టేటస్’ కమాండ్ ప్రోటోకాల్ వెర్షన్ చూపిస్తుంది గానీ, ఆ క్షణంలో కనెక్ట్ అయి ఉన్నవాళ్లకే. కాపియర్ లాంటిది కొన్ని సెకన్లు వచ్చి ఫైలు పడేసి పోతుంది, అందులో దొరకదు. అందుకని గ్లోబల్ సెక్షన్‌లో ‘ప్రీఎగ్జెక్’ పెట్టి, షేర్ తెరిచిన ప్రతిసారీ ‘లాగర్’తో ఐపీ అడ్రస్, ప్రోటోకాల్ పేరు సిస్టమ్ లాగ్‌లో పడేలా చేశాను. శాతం గుర్తు పక్కన పెద్ద ఐ రాస్తే క్లయింట్ ఐపీ, పెద్ద ఆర్ రాస్తే కుదిరిన ప్రోటోకాల్ వస్తాయి. నెలాఖరు బిల్లింగ్ అయ్యేదాకా ఉంచి, లాగ్‌లో ‘ఎన్‌టీ1’ కోసం వెతికాను. రెండే ఐపీలు: పాత కాపియర్, వేబ్రిడ్జి దగ్గరి ఎక్స్‌పీ కంప్యూటర్. మిగతావన్నీ విండోస్ 10, 11. అవి 3.1.1లోనే మాట్లాడుతున్నాయి. ఆ రెండింటి కోసం సర్వర్ మొత్తాన్ని దించాల్సిన పని లేదు, వాటికి దారి మారిస్తే చాలు.

రెండూ ఎఫ్‌టీపీ (ఫైళ్లు పంపే పాత పద్ధతి) ద్వారా పంపగలవు. వీఎస్‌ఎఫ్‌టీపీడీ అనే ఎఫ్‌టీపీ సర్వర్ వేసి, ‘స్కాన్’ అనే యూజర్‌ని తయారుచేసి, ఒక్క ఫోల్డర్‌కే కట్టేశాను. ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్ తెరిచిన ఉత్తరంలా పోతుంది కాబట్టి ఆ యూజర్‌కి సర్వర్‌లో ఇంకేదీ అందకూడదు. ఇక్కడ మూడు చోట్ల ఆగుతుంది. యూజర్ షెల్ ‘నోలాగిన్’ అయి, ఆ పేరు ‘ఈటీసీ షెల్స్’ ఫైల్‌లో లేకపోతే పాస్‌వర్డ్ సరైనదే అయినా 530 ఎర్రర్ ఇస్తుంది. క్రూట్ చేసిన, అంటే యూజర్‌ని కట్టేసిన, ఫోల్డర్‌కే రాసే అనుమతి ఉంటే 500 ఊప్స్ అని మొరాయిస్తుంది. దానికి ‘అలౌ రైటబుల్ క్రూట్’ పెట్టమని చాలామంది చెబుతారు, నాకది నచ్చదు. పై ఫోల్డర్‌ని రూట్ పేరున రాయడానికి వీల్లేకుండా ఉంచి, లోపల ‘ఇన్‌బాక్స్’ అని ఒక సబ్‌ఫోల్డర్‌కి మాత్రం అనుమతిచ్చాను. మూడోది యూమాస్క్, అంటే కొత్త ఫైలుకి ఏ అనుమతులు తీసేయాలో చెప్పే సంఖ్య. డిఫాల్ట్ 077 కాబట్టి వచ్చిన స్కాన్ ఆ యూజర్‌కి తప్ప ఎవరికీ తెరుచుకోదు. ‘లోకల్ యూమాస్క్=027’ (ఈ ఫైల్‌లో = గుర్తుకి అటూ ఇటూ ఖాళీ ఉండకూడదు) చేసి, ఇన్‌బాక్స్‌ని ఆఫీసు గ్రూప్ పేర పెట్టి సెట్‌జీఐడీ (లోపల పడే ఫైళ్లకూ అదే గ్రూప్ వచ్చేలా చేసే గుర్తు) వేస్తే అకౌంట్స్ వాళ్లు అదే ఫోల్డర్‌ని సాంబా షేర్‌లో చదువుకుంటారు. విండోస్‌తో వచ్చే ఎఫ్‌టీపీ కమాండ్‌కి పాసివ్ మోడ్ (డేటా కనెక్షన్‌ని కూడా క్లయింటే తెరిచే తీరు) లేదు, అందుకని యాక్టివ్ మోడ్‌ని మూయకూడదు.

అవి రెండూ కుదురుకున్నాక సాంబా గ్లోబల్ సెక్షన్‌లో పాత రెండు లైన్లు తీసేసి ఇవి రాశాను:

సర్వర్ మిన్ ప్రోటోకాల్ = ఎస్ఎంబీ3_11
ఎస్ఎంబీ పోర్ట్స్ = 445
డిజేబుల్ నెట్‌బయోస్ = యెస్
ఇంటర్‌ఫేసెస్ = ఎల్‌ఓ ఈఎన్‌పీ1ఎస్0
బైండ్ ఇంటర్‌ఫేసెస్ ఓన్లీ = యెస్

నెట్‌బయోస్ అంటే నెట్‌వర్క్‌లో కంప్యూటర్లను పేరుతో వెతికే పాత పద్ధతి. ఎల్‌ఓ అంటే సర్వర్ తనతో తానే మాట్లాడుకునే లూప్‌బ్యాక్, ఈఎన్‌పీ1ఎస్0 ఆఫీసు వైపు కార్డు. ఆఫీసులో విండోస్ 7 ఉంటే మొదటి లైన్‌లో ఎస్ఎంబీ2_10 దగ్గర ఆగాలి, దానికి అంతకు మించి రాదు. ‘క్లయింట్ మిన్ ప్రోటోకాల్’ అనేది వేరే సెట్టింగ్. సర్వర్ బయటికి వెళ్లి వేరే షేర్ తెరిచేటప్పుడే అది పనిచేస్తుంది, దాన్ని మార్చి సర్వర్ బిగించామనుకోకూడదు. ఇంటర్‌ఫేస్‌లలో ఎల్‌ఓ రాయకపోతే ‘ఎస్ఎంబీపాస్‌వర్డ్’తో యూజర్లు తమ పాస్‌వర్డ్ మార్చుకోలేరు, ఎందుకంటే ఆ కమాండ్ లూప్‌బ్యాక్ మీదే సర్వర్‌ని అడుగుతుంది. కాన్ఫిగ్‌లో తప్పులు పట్టే ‘టెస్ట్‌పార్మ్’తో ఒకసారి చూసుకుని, షేర్లు నడిపే ఎస్ఎంబీడీని రీస్టార్ట్ చేసి, నెట్‌బయోస్ నడిపే ఎన్ఎంబీడీని ఆపి డిజేబుల్ చేశాను. పోర్టులు, ఇంటర్‌ఫేస్‌లు మార్చినప్పుడు రీలోడ్‌తో సరిపెట్టకండి.

నెట్‌బయోస్ ఆపిన రోజే “సార్, నెట్‌వర్క్‌లో సర్వర్ కనపడటంలా” అంటారు. షేర్ పనిచేస్తూనే ఉంటుంది, జాబితాలో పేరు మాత్రం ఉండదు. పేరుతో మ్యాప్ చేసిన జెడ్ డ్రైవ్‌లు కూడా తెగొచ్చు. రౌటర్ డీఎన్‌ఎస్‌లో సర్వర్ పేరు చేర్చి, డబ్ల్యూఎస్‌డీడీ అనే చిన్న ప్యాకేజీని ఆఫీసు కార్డు మీద మాత్రమే నడిపితే పేరు మళ్లీ కనిపిస్తుంది. దానికి యూడీపీ 3702, టీసీపీ 5357 తెరవాలి.

చాలామంది వదిలేసేది ఫైర్‌వాల్. సాంబా ఆఫీసు అడ్రస్ మీదే వింటున్నా, కెమెరాల వైపు కార్డు నుంచి ఆ అడ్రస్‌కే ప్యాకెట్ పంపితే లినక్స్ దాన్ని తీసుకుంటుంది. అడ్రస్ ఏ కార్డుదైనా సరే, అది మొత్తం మెషీన్‌దే అన్నట్టు చూస్తుంది. అందుకే ఉబుంటు ఫైర్‌వాల్ యూఎఫ్‌డబ్ల్యూలో 445కి అనుమతి ఇచ్చేటప్పుడు ‘ఇన్ ఆన్ ఈఎన్‌పీ1ఎస్0’ అని కార్డు పేరు కూడా రాయాలి, సోర్స్‌గా ఆఫీసు నెట్‌వర్క్ 192.168.1.0/24 మాత్రమే ఇవ్వాలి. రెడీమేడ్ ‘సాంబా’ ప్రొఫైల్ వాడితే 137, 138, 139 కూడా తెరుచుకుంటాయి. చీమకుర్తి క్వారీ వాళ్లు రౌటర్‌లోని వైర్‌గార్డ్ వీపీఎన్ ద్వారా వస్తారు కాబట్టి వాళ్ల సబ్‌నెట్‌కి ఇంకో రూల్. 445ని ఇంటర్నెట్‌కి ఫార్వర్డ్ చేయడం మాత్రం ఎవరడిగినా ఒప్పుకోకండి.

కరెంటు పోయి వచ్చాక ఇంకో సమస్య ఉంది. సర్వర్ లేచేసరికి స్విచ్ లేవకపోతే కార్డుకి అడ్రస్ రాదు. మా వెర్షన్‌లో ఎస్ఎంబీడీ అప్పుడు లూప్‌బ్యాక్ మీదే విని ఊరుకుంటుంది. సర్వీస్ నడుస్తున్నట్టే కనిపిస్తుంది, షేర్లు మాత్రం తెరుచుకోవు. స్విచ్‌ని కూడా సర్వర్ ఉన్న యూపీఎస్‌కే తగిలించాం. కెమెరాల కార్డుకి నెట్‌ప్లాన్‌లో (ఉబుంటు నెట్‌వర్క్ సెట్టింగ్‌లు) ‘ఆప్షనల్: ట్రూ’ పెట్టాం, లేకపోతే అటు కేబుల్ ఊడినప్పుడు బూట్ రెండు నిమిషాల దాకా ఆగుతుంది.

చివరి పరీక్ష బయటి నుంచే చేయాలి. ఆఫీసు లాప్‌టాప్‌లో పోర్టులు పరీక్షించే ఎన్‌మ్యాప్ ‘ఎస్ఎంబీ-ప్రోటోకాల్స్’ స్క్రిప్ట్ నడిపితే 3.1.1 ఒక్కటే రావాలి. అదే లాప్‌టాప్‌ని కెమెరాల స్విచ్‌కి తగిలించి, సర్వర్ ఆఫీసు అడ్రస్‌కి ఆ వైపు నుంచి రూట్ వేసి చూస్తే 445 ‘ఫిల్టర్డ్’ అని, అంటే ఫైర్‌వాల్ ఆపేసినట్టు, రావాలి.