తిప్పతీగ వద్దన్న డాక్టరు, విషపు గింజ కథ

పొద్దున బాగానే ఉండేవాణ్ణి. సాయంత్రమయ్యేసరికి ఎడమ రెప్ప వాలిపోయేది. కొండపి దగ్గర మా బ్యారన్‌లో పొగాకు క్యూరింగ్ నడుస్తున్న రోజులవి. అద్దంలోంచి థర్మామీటర్ చూస్తే గీతలు రెండేసి కనబడేవి. రాత్రుళ్లు నిద్ర లేక అనుకున్నాం. తర్వాత అన్నం సగంలో ఉండగానే దవడలు అలిసిపోయేవి, గడ్డం చేత్తో పట్టుకుని నమిలేవాణ్ణి. మాట ముక్కులోంచి వస్తుంటే, ‘ఏంది బావా, పగలే వేశావా?’ అని బామ్మర్ది నవ్వాడు.

ఒంగోలులో నరాల డాక్టరు గ్లౌజులో ఐసు ముక్కలు పోసి ముడేసి రెప్ప మీద పెట్టించారు. కాసేపాగి తీస్తే రెప్ప లేచి నిలబడింది! నా భార్య నా కంటిని, డాక్టరును మార్చి మార్చి చూసింది. మయస్తీనియా గ్రావిస్ అన్నారు. నరం చివర విడుదలై కండరాన్ని కదిలించే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని కండరం అందుకునే చోటును, మన ఇమ్యూనిటీ తయారుచేసే యాంటీబాడీలే పాడు చేస్తాయట. రక్తపరీక్షలో అవే తేలాయి. ఛాతీలో ఉండే థైమస్ అనే గ్రంథిలో గడ్డ ఉందేమోనని ఛాతీకి సీటీ తీశారు, లేదు.

ఈలోగా మేనత్త వేపచెట్టు మీద పాకిన తిప్పతీగ కోసుకొచ్చి కషాయం కాచింది. ‘పరగడుపున తాగరా అబ్బయ్యా, ఎంత లావు జబ్బైనా దిగొస్తది.’ తాగేముందు డాక్టరును అడిగాను.

‘మీ ఇమ్యూనిటీ మీ మీదికే వస్తుంటే నేను తగ్గించాలని చూస్తున్నా. మీరు దాన్ని రెచ్చగొడతారా?’ అన్నారు. తిప్పతీగ వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్నట్టు 2021లో ముంబై డాక్టర్లు రాశారట. ఇమ్యూనిటీ తగ్గించడానికి నాకిచ్చే అజాథయోప్రిన్ మందుకు ఎలాగూ కాలేయం మీద కన్నేసి ఉంచాలి.

‘ఆకుమందంటే వీళ్లకు కిట్టదులే’ అంది అత్త. అదీ నిజం కాదు. నేను మింగే పిరిడోస్టిగ్మిన్ బిళ్లకు మూలం ఒక గింజే. ఆఫ్రికాలోని కాలబార్ ప్రాంతంలో నేరం మోపబడినవాళ్ల చేత తినిపించి పరీక్ష పెట్టిన విషపు గింజ. దాంట్లోని ఫైసోస్టిగ్మిన్ ఎసిటైల్‌కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును ఆపుతుంది, దాంతో అది కండరం దగ్గర ఎక్కువసేపు నిలుస్తుంది. బాణాలకు పూసే క్యురారే విషం ఎక్కినవాళ్లలాగే ఈ జబ్బువాళ్లూ ఉంటారని గమనించి, ఆ విషానికి విరుగుడైన ఫైసోస్టిగ్మిన్‌ను 1934లో లండన్‌లో మేరీ వాకర్ అనే డాక్టరమ్మ ఇచ్చి చూసింది. పనిచేసింది. అదే పని చేసేలా తయారుచేసిందే నా బిళ్ల. పసుపులోని కర్క్యుమిన్‌తో మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఇమ్యూనిటీ మెదడు, వెన్నుపాము మీదికే వచ్చే జబ్బు) లాంటిది తెప్పించిన ఎలుకలకు మేలు కనబడిందనీ చదివాను. కానీ ఎలుకకు ఇచ్చిన మోతాదు మన పులుసులో రాదు కదా.

బిళ్ల వేసుకున్న అరగంటకు రెప్ప లేచేది, వెంటనే కడుపులో మెలిపెట్టేది. స్టెరాయిడ్‌తో మొహం ఉబ్బింది, షుగరు పెరిగింది. అజాథయోప్రిన్ పట్టు దొరకడానికి నెలలు పట్టింది, ఆ తర్వాతే స్టెరాయిడ్ తగ్గించారు. ఇప్పుడు మాట సాఫీగా వస్తుంది, ముక్కల కూరా నములుతున్నా. ఎండలో పొలం తిరిగితే మాత్రం రెప్ప బరువెక్కుతుంది.

సిప్రోఫ్లోక్సాసిన్, అజిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు ఈ జబ్బును ముదరబెట్టవచ్చని డాక్టరు ఒక చీటీ రాసిచ్చారు. జ్వరమొస్తే మా ఊళ్లో ముందు ఇచ్చేవి అవేనాయె. ఆ చీటీ ఆర్‌ఎంపీకి చూపిస్తే ఫోన్లో ఫోటో తీసుకున్నాడు.