కాలి బొటనవేలికి నిమ్మకాయ పట్టదు

గుంటూరు కొత్తపేటలో పదకొండేళ్ళుగా మెడికల్ రెప్‌గా తిరుగుతున్నాను. రోజుకి పదిమంది డాక్టర్ల గుమ్మాల దగ్గర నిలబడడమే నా ఉద్యోగం. అయినా కుడికాలి బొటనవేల్లో గోరు కండలోకి దిగి చీము పడుతుంటే నాలుగేళ్ళపాటు ఒక్కరికీ చూపించలేదు. గుండెలో స్టెంట్లు వేసే ఆయన ఎదుట నిలబడి "సార్, నా కాలి గోరు..." అని ఎలా మొదలుపెడతాం? గోరే కదా, మనమే చూసుకోవచ్చులే అనిపించేది.

చూసుకున్నాను కూడా. ఆదివారం తలంటు అయ్యాక (మా ఇంట్లో మంగళ, శుక్రవారాలు గోళ్ళు తియ్యడానికి లేదు, చీకటి పడ్డాక అసలే లేదు) బాత్రూంలో పీట మీద కూర్చుని, నెయిల్ కట్టర్ మొనని గోరు మూలలోకి దూర్చి ఏటవాలుగా కత్తిరించేవాణ్ణి. పళ్ళు బిగబట్టి రెండు నిమిషాలు. చిన్న ముక్క ఊడొచ్చేది, వెనకే ఒక చుక్క చీము, కాస్త నెత్తురు. ఆ తర్వాత వచ్చే సుఖం ఉంది చూశారూ, అదే నా కొంప ముంచింది. మూడు వారాలు హాయి. నాలుగో వారానికి షూలో వేలు మళ్ళీ సలపడం మొదలు. ఈసారి ఇంకాస్త లోపలికి తవ్వేవాణ్ణి.

దానికి తోడు మొనతేలిన నల్ల షూ, నైలాన్ సాక్స్, గుంటూరు ఎండ. మే నెలలో టూర్ తిరిగొచ్చి సాక్స్ విప్పితే వేళ్ళు నానిన అటుకుల్లా ఉండేవి. అంత మెత్తబడ్డ చర్మంలోకి గోరు దిగడానికి కష్టమేముంది?

'గోరుచుట్టు మీద రోకలి పోటు' అన్న సామెతకి చిన్నప్పుడు సొంతవాక్యం రాసి మార్కులు తెచ్చుకున్నాను గానీ, అర్థం మాత్రం నరసరావుపేట బస్సులో తెలిసింది. ఒక పెద్దావిడ నిండు పాల క్యాను తెచ్చి సరిగ్గా నా కాలి మీద దించింది. నాకు కేక కూడా రాలేదు. "అయ్యో నాయనా, చూసుకోలేదయ్యా" అంటూ క్యాను జరిపి, షూ విప్పి చూసుకుంటున్న నా సాక్స్ మీద నెత్తురు కనిపెట్టింది. "గోరుచుట్టా? నిమ్మకాయ తొడుక్కో, తెల్లారేసరికి లాగేస్తుంది" అని చెప్పి ఫిరంగిపురంలో దిగిపోయింది.

చేతివేలికైతే నిమ్మకాయకి బొక్క పెట్టి టోపీలా తొడుగుతారు. నా బొటనవేలికి ఏ నిమ్మకాయా పట్టలేదు. మా ఆవిడ పంతం పట్టి బత్తాయి తెచ్చింది. కాలికి బత్తాయి తొడుక్కుని పడుకున్న నన్ను చూసి పిల్లలు మంచం చుట్టూ పడీపడీ నవ్వారు. తెల్లారేసరికి చీమలు పట్టాయి.

అసలు గోరుచుట్టు వేరు, ఇది వేరు. గోరుచుట్టులో గోరు పక్క చర్మానికి సూక్ష్మక్రిములు పట్టి చీము చేరుతుంది. దీనిలో గోరంచే ముల్లై కండలో గుచ్చుకుంటుంది. డాక్టర్లు ఇన్‌గ్రోన్ టో నెయిల్ అంటారు. మనవాళ్ళు రెంటినీ ఒకే గాటన కట్టేస్తారు, మందుల బ్యాగు మోసే నేను కూడా అంతే.

చివరికి తట్టుకోలేక, మా ఏరియా కాని చోట ఒక ఆసుపత్రికి వెళితే గోరంతా పీకేశారు. పీడా పోయిందనుకున్నాను. కాలి బొటనవేలి గోరు మొత్తం తిరిగి రావడానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. నాదీ అంతే పట్టింది, వచ్చి వచ్చి సరిగ్గా అదే మూలలో దిగింది. దుబ్బు వదిలేసి గడ్డి కోస్తే మళ్ళీ అక్కడే కదా మొలిచేది. ఆ మాట వాళ్ళు చెప్పలేదు, నేనూ అడగలేదు.

మళ్ళీ చీము, మళ్ళీ కట్టర్. ఈసారి గోరు పక్కన ఎర్రగా, దానిమ్మ గింజంత కండ పెరిగింది, సాక్స్ తగిలితే చాలు నెత్తురు. బ్యాగులో ఉన్న అమాక్సిసిలిన్ క్లావులానేట్ 625 అనే యాంటీబయాటిక్ శాంపిల్స్ ఐదు రోజులు మింగాను. ఆరో రోజు అదే మందు గురించి ఒక సర్జన్ గారికి చెబుతున్నాను. ఆయన నా చేతిలో ఉన్న ఫోల్డర్ చూడట్లేదు, కిందికి చూస్తున్నారు.

"ఏమయ్యా, ఆ కాలెందుకు అలా ఎత్తి పెడుతున్నావ్? షూ విప్పు."

విప్పాను. చూసి, "ఏం వాడుతున్నావ్?" అన్నారు. ఫోల్డర్‌లోని బొమ్మ చూపించాను. ఆయన నవ్విన నవ్వు వరండాలో పేషెంట్లకి కూడా వినపడి ఉంటుంది. "ముల్లు కాల్లోనే ఉంచుకుని పైనుంచి మాత్రలు మింగితే ఏం లాభమయ్యా?" అని, రెండ్రోజుల తర్వాత పొద్దున్నే రమ్మన్నారు.

నిజం చెప్పాలంటే నొప్పంతా ఇంజక్షన్‌దే. వేలి మొదట్లో అటొకటి ఇటొకటి, కందిరీగ కుట్టినట్టు. ఐదు నిమిషాలకి వేలు నాది కాకుండా పోయింది. వేలి మొదట్లో రబ్బరు బిగించి, గోరంతా ముట్టుకోకుండా, గుచ్చుకుంటున్న పక్క మాత్రం సన్నటి పీలికలా నిలువునా కోసి లాగారు. దాన్ని గాజుగుడ్డ మీద పెట్టి చూపించారు. బయటికి కనిపించే అంచు నున్నగా ఉంది. లోపలున్న మూల మాత్రం చేప ముల్లులా మొన తేలి ఉంది. "ఇదిగో, నువ్వు ప్రతి ఆదివారం చేసిన ఆపరేషన్. కట్టర్ అందినంత వరకు కోస్తావ్, అందని చోట ఈ కొన మిగిలిపోతుంది. గోరు పెరిగేకొద్దీ అదే ముందుకి పొడుచుకుంటూ వస్తుంది."

నాలుగేళ్ళు నేను మేకుని చెక్కుకుంటూ వచ్చానన్నమాట.

తర్వాత ఫినాల్‌లో ముంచిన దూది పుల్లని ఆ సందులోకి, గోరు పుట్టే చోటికి పెట్టి రుద్దారు. ఆ పక్క గోరు మళ్ళీ మొలవకుండా మొదలునే కాల్చేస్తుందట. గదంతా చిన్నప్పటి ఎర్ర లైఫ్‌బాయ్ సబ్బు వాసన. నాకైతే మా నాయనమ్మ వాళ్ళ నూతిగట్టు గుర్తొచ్చింది, ఆ బల్ల మీద పడుకుని!

నెల రోజులు కారుతూనే ఉంది. రసి కారడం మామూలేనని ముందే చెప్పారు కాబట్టి టెన్షన్ పడలేదు. రోజూ కడిగి కట్టు మార్చడం, చెప్పులేసుకుని డ్యూటీకి పోవడం. టక్ చేసిన చొక్కా కింద చెప్పులేంటని మా మేనేజరు పేచీ పెట్టాడు. కట్టు విప్పి చూపించాను, మళ్ళీ అడగలేదు. ఇప్పుడు షూ సాయంత్రం పూటే కొంటున్నాను, పాదం కాస్త ఉబ్బి ఉంటుంది కాబట్టి. ఎనిమిది నుంచి తొమ్మిదికి మారాను, ముందు భాగం వెడల్పుగా ఉన్నదే.

మూడేళ్ళయింది, కుడికాలు జోలికి రాలేదు. మొన్న శ్రావణంలో ఎడమకాలు మొదలుపెట్టింది. ఈసారి తవ్వలేదు. పదిహేను నిమిషాలు గోరువెచ్చని ఉప్పునీళ్ళలో కాలు పెట్టి, గోరు మెత్తబడ్డాక ఆ మూలని మెల్లగా ఎత్తి దాని కింద సన్నటి దూది పేలిక దూర్చడం, రోజూ మార్చడం. గోరు కండ మీద నుంచి ఎదిగేదాకా ఓపిక పట్టాలి. కత్తిరించడం ఎప్పుడూ అడ్డంగా, మూలలు ముట్టుకోకుండా. చీము పడితే ఇంట్లో వైద్యం వద్దు, రమ్మన్నారు సర్జన్ గారు. షుగర్ ఉన్నవాళ్ళయితే చీము దాకా కూడా ఆగొద్దన్నారు. మా అమ్మకి షుగర్. అందుకే ఆవిడ గోళ్ళు ఆదివారం నేనే తీస్తున్నాను, అడ్డంగా.

దూదిని అంత సన్నగా చెయ్యడం నాకు చేతకాలేదు. ఓ పొద్దున దేవుడి గూట్లో ఉన్న వత్తి ఒకటి తీసి వేలికి పెట్టుకుంటుంటే అమ్మ చూసింది. "ఒరే, దేవుడి వత్తి కాలికా!" అని ఇల్లెగరగొట్టింది. సాయంత్రం మందులషాపు దూది చుట్ట తెచ్చి ఆవిడ ముందు పెట్టాను.

ఇప్పుడు కార్తీక పౌర్ణమికి 365 వత్తులు చేస్తోంది. అవి అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కుని, విభూతి అద్దకుండా, నావి విడిగా మరో పది చేసి మూత ఉన్న డబ్బాలో వేస్తోంది. ఏది ఎవరిదో కలవకుండా డబ్బా మీద ఎర్ర దారం కట్టింది.