లెడ్జరులో ఉరుములు

మే రెండో వారంలో ఒక సాయంత్రం నాలుగున్నరకి యాడికి ఊరి దిక్కున మబ్బు లేచింది. ఐదింటికల్లా మా మోటారు రిపేరు షాపు ముందు వేపచెట్టు కొమ్మలు నేలను తాకి లేస్తున్నాయి. ఎదురు హోటల్ ఫ్లెక్సీ ఊడిపోయి కరెంటు తీగల మీద పడింది. రోడ్డు మీది దుమ్మంతా లోపలికొచ్చి, నేను అప్పుడే వార్నిష్ పోసి ఆరబెట్టిన స్టేటర్ మీద, అంటే మోటారులో తీగ చుట్టే గూడు మీద, కూర్చుంది. నలభై నిమిషాలు ఒకటే ఉరుములు. వాన సంగతి అడక్కండి. షట్టరు ముందు బండ మీద రూపాయి బిళ్ళంత చుక్కలు పడ్డాయి, కూర్చుని లెక్కపెట్టొచ్చు. బండ వేడికి అవి కూడా చూస్తుండగానే ఆరిపోయాయి.

మర్నాడు పొద్దున రిపేరుకి స్టార్టర్లు వచ్చాయి, బోరు మోటార్లను ఆన్, ఆఫ్ చేసే పెట్టెలు. సాయంత్రం నుంచి మోటార్లు. ఎప్పుడూ ఇదే వరస. ఎందుకంటే స్టార్టరైతే గోడ మీంచి ఊడదీసి బైకు మీద పెట్టుకుని వచ్చేయొచ్చు. మోటారు తేవాలంటే నాలుగైదు వందల అడుగుల బోరులోంచి పైపు తర్వాత పైపు పీకాలి. రెండో రోజు చీకటిపడే వేళకు షాపు ముందు ఏడు మోటార్లు పడుకున్నాయి.

నాది తాడిపత్రిలో మోటారు వైండింగ్ షాపు. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. ఊరు అనంతపురం జిల్లాలోనే ఉన్నా నాకు మూడు జిల్లాల గిరాకీ. పడమర, దక్షిణం నుంచి యాడికి, పుట్లూరు, యల్లనూరు రైతులు వస్తారు. కడప వైపు నుంచి సింహాద్రిపురం, కొండాపురం వాళ్ళు. ఉత్తరాన కొలిమిగుండ్ల దాటి బనగానపల్లె దాకా. దానికిప్పుడు నంద్యాల జిల్లా అని పేరొచ్చినా మా నోటికి అది కర్నూలే. లెడ్జరులో ప్రతి మోటారు పక్కన కారణం రాసుకోవడం నాకు అలవాటు. బేరింగ్ పోతే ‘బే’. బోరులో నీళ్ళు లేక ఒట్టిగా తిరిగి కాలితే ‘నీలే’. ఉరుముల తర్వాత వస్తే ‘ఉ’.

ఆ వారం మా బామ్మర్ది ఫోన్ చేశాడు. మిలిటరీలో ఉన్నాడు, ఇప్పుడు అస్సాంలో తేజ్‌పూర్ దగ్గర. ఏడు మోటార్లు కాలాయని చెప్పి, ‘భలే ఉరిమిందిలేరా’ అన్నాను. వాడు పడీపడీ నవ్వాడు. ‘అదొక ఉరుమా బావా? ఇక్కడ రాత్రి రెండింటికి మొదలైతే తెల్లారేదాకా రేకుల మీద డప్పు కొట్టినట్టే. వారంలో మూడు రాత్రులు నిద్ర లేదు. పొద్దున లేస్తే గ్రౌండంతా చెరువు’ అన్నాడు.

రాత్రి రెండింటికి ఉరమడమేమిటో నాకు అర్థం కాలేదు. మా దగ్గర మధ్యాహ్నం మూడు దాటితేగానీ మబ్బు లేవదు, రాత్రి తొమ్మిదికల్లా సర్దుకుంటుంది. నేల కాలాలి, ఆ వేడికి గాలి పైకి లేవాలి, అప్పుడే మబ్బు. అస్సాంలో అట్లా కాదట. బ్రహ్మపుత్రకు అటూ ఇటూ కొండలున్నాయి. రాత్రి కొండల మీది చల్లగాలి కిందికి జారి, లోయలో ఉన్న చెమ్మగాలిని ఎత్తిపోస్తుంది. అందుకని అక్కడ ఎక్కువగా అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము దాకా ఉరుముతుంది. పక్కనే బెంగాల్‌లో మళ్ళీ సాయంత్రం. అక్కడ వైశాఖంలో వాయవ్యం నుంచి దూసుకొచ్చే గాలివానకు కాలబైశాఖి అని పేరు. కేరళ, కర్ణాటకల్లో ఇవే మామిడి జల్లులు. చిక్కమగళూరు, కొడగు కాఫీ తోటల్లో పూత విచ్చుకోవడానికి ఈ వాన కోసమే కాచుక్కూచుంటారు. రాజస్థాన్‌లో వాన మాట దేవుడెరుగు, ఇసుక లేస్తుంది, దాన్ని ఆంధీ అంటారు. మాకు పేరు కూడా పెద్దగా లేదు. గాలివాన అంటాం, అందులో వాన మర్యాదకి.

వాతావరణ శాఖ లెక్క ఒకటి తెలిసింది. పరిశీలన కేంద్రంలో ఒక్కసారి ఉరుము వినబడితే చాలు, ఆ రోజు ఉరుముల రోజే. చుక్క పడిందా లేదా అన్నది వేరే పుస్తకం. ఆ లెక్కన దేశంలో ఎక్కువగా ఉరిమేది అస్సాం, ఉత్తర బెంగాల్, జమ్మూ ప్రాంతాల్లో, ఏడాదికి 100 నుంచి 120 రోజులు. అన్నిటికంటే తక్కువ లదాఖ్‌లో, ఐదు రోజులు కూడా ఉండవు. మా బామ్మర్ది అదృష్టం ఏమోగానీ, మొదట జమ్మూ, తర్వాత లేహ్, ఇప్పుడు తేజ్‌పూర్. పైమెట్టు, అడుగుమెట్టు, మళ్ళీ పైమెట్టు. ‘లేహ్‌లో ఉన్నన్నాళ్ళూ ఉరుము విన్నట్టే గుర్తులేదు బావా, ఆకాశం అంత నీలంగా ఉన్నా బోరు కొడుతుంది’ అన్నాడు.

అస్సాం అంత కాకపోయినా, సీమలో ఉరుముకి కరువు లేదు. నా లెడ్జరు చూస్తే ‘ఉ’లు ఏటా రెండు గుంపులుగా పడతాయి. ఏప్రిల్, మేల్లో ఒకటి, సెప్టెంబర్, అక్టోబర్‌లో ఇంకొకటి. మధ్యలో జూలై అంతా ఖాళీ. ఆకాశం నిండా మబ్బులే ఉంటాయి, పడమటి గాలి ఈడ్చి కొడుతుంది, ఎప్పుడన్నా తుంపర. ఉరుము మాత్రం వినబడదు. వానాకాలంలో ఉరమకపోవడమేమిటని చిన్నప్పుడు మా జేజిని అడిగితే, ‘ఆషాఢంలో గాలికే గానీ నోరుండదురా’ అనేది. ఆమె చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. ఆ గాలి మబ్బును నిలబడనివ్వదు. మబ్బు నిలువునా పది, పదిహేను కిలోమీటర్లు ఎదిగితేనే ఉరిమే మబ్బు అవుతుంది. టీవీలో క్యుములోనింబస్ అంటారు చూడండి, అదే.

వేసవిలో టీవీలో ఇంకో మాట కూడా రోజూ వింటాం: ‘విదర్భ నుంచి తెలంగాణ, రాయలసీమల మీదుగా ద్రోణి’ అని. నేను చాలా ఏళ్ళు అదేదో పెద్ద తుపాను అనుకునేవాణ్ణి. బంగాళాఖాతం వైపు నుంచి వచ్చే చెమ్మగాలి, లోపలి నుంచి వచ్చే పొడిగాలి ఎదురుపడే గీత అది. ఒక రోజు అటు జరుగుతుంది, ఒక రోజు ఇటు. సింహాద్రిపురం మోటార్లు వచ్చిన రోజు యాడికి మోటార్లు రావు. ఒకే సాయంత్రం కొలిమిగుండ్లలో వడగండ్లు పడి, కొన్ని కిలోమీటర్ల ఇవతల మా వీధిలో బట్టలు ఆరడం నేను చూశాను.

ఇక ఇంత ఉరిమి చుక్క ఎందుకు పడదన్న సంగతి. మేలో మాకు 42, 43 డిగ్రీలు. నేలకు దగ్గరి గాలిలో తడి ఉండదు, మబ్బు అడుగు ఎక్కడో చాలా ఎత్తులో ఉంటుంది. పైనుంచి వాన బయల్దేరుతుంది, పాపం. దారిలోనే ఆవిరైపోతుంది. ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న గాలిని చల్లబరుస్తుంది. చల్లబడ్డ గాలి బరువెక్కి దబ్బున కిందికి పడి, నేలను తాకి నాలుగు దిక్కులకూ పరుచుకుంటుంది. మా స్టేటర్ మీద దుమ్ము పోసింది, పుట్లూరు, నార్పల అరటి తోటల్లో గెలలతో సహా చెట్లను పడుకోబెట్టేది, బనగానపల్లె మామిడి కాయలు రాల్చేది ఆ గాలే. అంటే మాకు రావలసిన వాన గాలిగా వస్తోంది. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో ఇది మరీ అన్యాయం అనిపిస్తుంది నాకు.

ఈ సంగతి నాకు పుస్తకం కంటే ఒక మోటారు బాగా నేర్పింది.

ఆ ఏడింటిలో ఒకటి యల్లనూరు వైపు పెద్దాయనది. నాలుగెకరాల అరటి. నెల తిరక్కుండా అదే మోటారు రెండోసారి కాలింది. ‘ఏమప్పా, మొన్నే కదా చుట్టించుకుని పోతి, నీ తీగ మంచిదేనా?’ అన్నాడు. మాట పడ్డాను, ఏం చేస్తాం. ‘ఉండు పెద్దనాయనా, విప్పి చూపిస్తా’ అన్నాను.

ఏప్రిల్లో మొదటిసారి తెచ్చినప్పుడు వైండింగ్ మొత్తం బాగానే ఉంది, ఒక్కచోట తప్ప. కరెంటు లోపలికి వచ్చే మొదటి కాయిల్లో, మొదటి చుట్ల దగ్గర సూది గుచ్చినంత నల్ల మచ్చ. అది పిడుగు పని. పిడుగు బోరు మీద పడనక్కర్లేదు, ఎక్కడో లైను మీదో దాని దగ్గర్లోనో పడితే చాలు, ఆ దెబ్బ తీగ వెంట పరుగెత్తుకొచ్చి ఎదురైన మొదటి చుట్టు మీదే విరుచుకుపడుతుంది.

ఈసారి విప్పితే వేరే బొమ్మ. రెండు ఫేజుల తీగల మీద ప్లాస్టిక్ కరిగి బెల్లం పాకంలా ముద్దయింది. మూడో ఫేజు మాత్రం నేను నెల కింద చుట్టినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే తెల్లగా, కొత్తగా ఉంది. ఆయనకి వేలు పెట్టి చూపించాను. కరెంటు తెచ్చే మూడు ఫేజు తీగల్లో ఒకటి గాలికి తెగింది. ఆయనది ఆటో స్టార్టర్. కరెంటు రాగానే మోటారు తనంతట తాను ఆన్ అవబోయింది, రెండు ఫేజుల మీదే నీళ్ళు లాగాలని చూసి ఉడికిపోయింది. ఒక ఫేజు పోతే మోటారును తిరగనివ్వని ప్రివెంటర్ స్టార్టర్లో ఉంటే ఆపేది. మాటిమాటికీ ట్రిప్ అవుతోందని ఎవరో దాన్ని తీసేసి వైరు కలిపేశారు.

‘ఎవరు కలిపింది?’ అన్నాను. పెద్దాయన చెప్పులు చూసుకుంటూ, ‘మావాడే’ అన్నాడు.

ఆ రాత్రి లెడ్జరు ముందేసుకుని కూర్చున్నాను. ఇన్నేళ్ళూ నేను రాసిన ‘ఉ’ల్లో ఎన్ని నిజంగా పిడుగువి, ఎన్ని గాలివి? గుర్తున్నంతవరకు చూస్తే చాలావరకు తీగలు తెగినవి, కొమ్మలు పడ్డవి, ఫేజు పోయినవే. పిడుగు మచ్చ కనబడ్డవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అప్పటి నుంచి ‘గా’ అని ఇంకో గుర్తు మొదలుపెట్టాను.

అంతమాత్రాన పిడుగును తేలిగ్గా తీసుకున్నానని కాదు. 2018 ఏప్రిల్లో మన రాష్ట్రంలో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. మోటారు పోతే నేను చుట్టిస్తాను. గొర్రెలు తోలుకుపోయి వానకి చింతచెట్టు కిందికి చేరినవాళ్ళ సంగతి ఏటా పేపర్లో చదువుతూనే ఉన్నాం. మా జేజి మెరుపు మెరవగానే ‘అర్జున, ఫల్గుణ, పార్థ, కిరీటి...’ అని పది పేర్లూ మాతో చెప్పించేది. పది పేర్లు అయ్యేలోపు ఉరుము వినబడితే దగ్గర, కాకపోతే దూరం అని ఆమె లెక్క. వాచీ పెట్టి చూశాను, పది పేర్లకు నాకు ఏడు సెకన్లు పట్టింది. శబ్దం మూడు సెకన్లకు కిలోమీటరు చొప్పున వస్తుంది కాబట్టి, రెండు కిలోమీటర్లు దాటిందన్నమాట. జేజి లెక్క బాగానే ఉంది గానీ, పది కిలోమీటర్ల అవతలి మబ్బు నుంచి కూడా పిడుగు పడగలదు. అందుకని షాపులో కుర్రాడి ఫోన్లో దామిని యాప్ వేయించాను. దగ్గర్లో పిడుగులు పడుతుంటే చెబుతుంది. వాడు దాన్ని చూసేది మాత్రం వేరే పనికి.

వాడి సొంతూరు తుగ్గలి దగ్గర. తొలకరికి ముందు గట్టి వాన ఒకటి పడితే జొన్నగిరి చుట్టుపక్కల చేలల్లో వజ్రాలు బయటపడతాయని ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి నేల మీద వంగి వెతుకుతారు. ఇటు వజ్రకరూరు దగ్గరా అంతే. మా వాడు అటువైపు ఎప్పుడు ఉరుముతుందా అని యాప్ చూస్తుంటాడు.

రోహిణి కార్తె ఆఖర్లో నిజమైన వాన పడింది. ఉరిమింది తక్కువే. గంటన్నర నిదానంగా కురిసింది, వంకలో ఎర్రనీళ్ళు కదిలాయి. మర్నాడు బామ్మర్దికి ఫోన్ చేసి గొప్పగా చెప్పుకున్నాను. షాపుకి మాత్రం ఒక్క మోటారు రాలేదు. తడి నేలకి మోటారెవరు వేస్తారు? అందరూ దుక్కులకు పోయారు. నేను ఈగలు తోలుకుంటూ కూర్చున్నాను. కుర్రాడు చెప్పకుండానే సెలవు పెట్టాడు. మూడోరోజు మోకాళ్ళ దాకా బురదతో వచ్చి, జేబులోంచి నాలుగు రాళ్ళు తీసి కౌంటర్ మీద పెట్టాడు. మూడు మామూలు చెకుముకి రాళ్ళు. నాలుగోది సోడాసీసా పెంకు, అంచులు అరిగి నున్నగా ఉంది. దాన్ని మాత్రం మళ్ళీ జేబులో వేసుకున్నాడు.