చందా పుస్తకం

మా పెద్దమ్మాయికి 12 ఏళ్లు. పుట్టిందీ, పెరుగుతున్నదీ లండన్ దగ్గర. శనివారం పొద్దున 9 గంటలకు పార్క్‌రన్‌కి వెళ్లడం మా ఇంట్లో అలవాటు. 2004లో టెడింగ్టన్‌లోని బుషీ పార్కులో 13 మందితో మొదలైన 5 కిలోమీటర్ల పరుగు అది. రూపాయి కట్టక్కర్లేదు, నడిపేది వాలంటీర్లే. పాపకు పరిగెత్తడం కంటే అక్కడ పని చేయడమే ఇష్టం. అందరికంటే చివర, ఆఖరి మనిషి వెనకాల నడిచే డ్యూటీ ఒకటి ఉంటుంది. ఆ డ్యూటీ చేసే మనిషి ఉన్నంతసేపూ పరుగులో ఎవరూ చివరివాళ్లు కారు. నాతో కలిసి ఆ పని చాలాసార్లు చేసింది.

హనుమకొండలో మా తమ్ముడూ, వాడి స్నేహితులూ కలిసి మేధోవైకల్యం ఉన్న పిల్లల బడి కోసం డిసెంబరు చివర్లో 5 కిలోమీటర్ల పరుగు పెడుతున్నామని చెప్పగానే పాప ఎగిరి గంతేసింది. అక్టోబరు నుంచే ఫోన్‌లో మామయ్యకు కోచింగ్ మొదలుపెట్టింది. మొదటి వారం నిమిషం పరుగు, నిమిషంన్నర నడక, అలా 20 నిమిషాలు. మెల్లగా నడక తగ్గించుకుంటూ పోతే 9 వారాల్లో ఆగకుండా అరగంట పరిగెత్తవచ్చు. పదేళ్లుగా బండి దిగని మా తమ్ముడు మేనకోడలికి భయపడి రోజు విడిచి రోజు పబ్లిక్ గార్డెన్‌కి వెళ్లాడు.

డబ్బు దగ్గర చిక్కు వచ్చింది. లండన్‌లో వాళ్ల బడి పిల్లలు ఏదైనా పరుగులో పాల్గొంటే ఆన్‌లైన్‌లో ఒక పేజీ తెరిచి, తెలిసినవాళ్లందరికీ లింకు పంపి విరాళాలు అడుగుతారు. పాప కూడా అలాగే చేద్దామనుకుంది. కానీ మన దేశంలో 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ఉంది. దాని కింద రిజిస్ట్రేషన్ గానీ, ముందస్తు అనుమతి గానీ లేని సంస్థ బ్రిటిష్ పౌరుల దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఈ చిన్న బడికి అవేవీ లేవు. "అయితే హనుమకొండవాళ్లనే అడుగుతా" అంది పాప. సెలవులకు మేం హనుమకొండ రాగానే తమ్ముడు ఒక రసీదు పుస్తకం చేతికిచ్చాడు.

అమ్మకు నచ్చలేదు. "మనం ఇచ్చేటోళ్లం గానీ, ఇంటింటికి తిరిగి అడిగేటోళ్లమా బిడ్డా?" అంది. ఆ మాటలో కోపం లేదు, బాధ ఉంది. నాకూ గొంతులో ఏదో అడ్డుపడింది. ఎందుకంటే నేనూ ఆ మాట వింటూనే పెరిగాను. పరాయి దేశంలో ఇన్నేళ్లున్నా, ఎవరినైనా ఏదైనా అడగాలంటే ఇప్పటికీ నాకు టెన్షనే. అడగడం ఒక పని అని, దానికీ ధైర్యం కావాలని నా కూతురే నాకు నేర్పింది.

"అమ్మమ్మా, వినాయకుడికి చందా అడుగుతారు కదా, అది తప్పా?" అంది పాప. అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత పర్సు తీసి, "మొదటి రసీదు నా పేరు మీద రాయి. 116" అంది. 100 కాకుండా ఆ 16 ఎందుకని పాప అడిగింది. ఇచ్చేది సున్నాతో ముగియకూడదు, పైన ఇంకొంచెం ఉండాలి అని చెప్పింది అమ్మ. పాప ఆ లెక్కను పట్టుకుంది. ఆ తర్వాత ఎవరైనా 100 ఇస్తే పుస్తకం పట్టుకుని అలాగే నిలబడేది, వాళ్లు నవ్వి మిగతా 16 వెతికి ఇచ్చేవాళ్లు.

మొదటి రోజు నేను వెంట వెళ్లాను. ఏ తలుపు తట్టినా ఒకటే ప్రశ్న: "నువ్వెవరి బిడ్డవే?" రెండిళ్ల దగ్గర తన పేరు చెప్పింది, ఎవరికీ అర్థం కాలేదు. మూడో ఇంటి దగ్గర "టీచరమ్మ మనవరాలిని" అంది. నేను నేర్పిన మాట కాదది. కుర్చీ వేశారు, సకినాలు పెట్టారు. ఇన్ని సెలవుల్లో వేయిస్తంభాల గుడి, కోట, రామప్ప అన్నీ తిప్పి చూపించాను. చూసింది, ఫోటోలు దిగింది, మరచిపోయింది. ఈ వీధిని మాత్రం మరచిపోదు. ఏ ఇంట్లో కుక్క ఉందో, ఎవరికి మోకాళ్ల నొప్పులో, ఎవరు సాయంత్రం రమ్మన్నారో అన్నీ రసీదుల వెనక రాసుకుంది.

ఒకాయన "ఆ పిల్లలకు పరుగులేంది?" అన్నాడు. పాప దీప్తి గురించి చెప్పింది. జీవాంజి దీప్తి మన పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి. మేధోవైకల్యం ఉన్నవాళ్ల విభాగంలో 400 మీటర్లు పరిగెత్తుతుంది. 2024లో కోబెలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పింది, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. చిన్నప్పుడు ఊళ్లో ఆ పిల్లను హేళన చేసినవాళ్లున్నారు. పాప వచ్చీరాని తెలుగులో ఇదంతా చెబుతుంటే ఆయన చేతులు కట్టుకుని విన్నాడు.

పరుగు ముందు రోజు మా హాలంతా చెస్ట్ నంబర్లే. 300 మందికి, ఒక్కొక్కరికి 4 చొప్పున 1200 పిన్నీసులు కావాలని పాప లెక్కగట్టేదాకా ఎవరికీ ఆ సంగతి తోచలేదు. నీళ్ల బల్ల దగ్గర గ్లాసులు సగమే నింపాలంది, పరిగెత్తేవాళ్లు నిండు గ్లాసు తాగలేరు. చెత్తడబ్బా బల్ల పక్కన కాదు, కొంచెం ముందుకు పెట్టాలంది, తాగుతూ తాగుతూ అక్కడిదాకా వెళ్తారు కాబట్టి. అమ్మ కుండెడు సల్ల చేస్తానంటే, పరుగయ్యాక ఇద్దామని ఒప్పించింది.

తెల్లవారుజామున స్టేడియం దగ్గర మంచు. 6:30కి జనం కాజీపేట రోడ్డు వైపు కదిలారు. రెండున్నర కిలోమీటర్లు పోయి వెనక్కి తిరగాలి. గంట దాటేసరికి మెడల్స్ ఇవ్వడం అయిపోయింది, బ్యానర్ తాళ్లు విప్పుతున్నారు. పాప ఇంకా రాలేదు. ఆ బడి పిల్లాడొకడు, వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని నడుస్తున్నాడట, వాళ్ల వెనకాల తనూ, మా తమ్ముడూ ఉన్నారట. ఫోన్ చేసి, "బ్యానర్ తీయొద్దని చెప్పు మమ్మీ" అంది, అంతే. నేను పరిగెత్తుకెళ్లి చెప్పాను. విప్పిన తాళ్లు మళ్లీ కట్టారు. ఆ పిల్లాడు గీత దాటేసరికి సల్ల గ్లాసుతో ఎదురుగా నిలబడింది మా అమ్మ.

మర్నాడు పాప మళ్లీ ఇంటింటికీ వెళ్లింది, ఎంత వచ్చిందో, దేనికి ఖర్చు పెడతారో చెప్పడానికి. లండన్‌లో అయితే దానంతటదే ఒక ఈమెయిల్ పోతుంది. ఇక్కడ మెట్లెక్కి చెప్పాలి. మూడో అంతస్తులో ఒక ఇంటికి తాళం ఉంది. విమానం ఎక్కేదాకా అదే దిగులు.

వచ్చిన వారానికి అమ్మ ఫోన్ చేసింది. నాతో మాట్లాడలేదు, పాపకిమ్మంది. "ఆ మూడో అంతస్తు సారు ఊరి నుంచి వచ్చిండు బిడ్డా. పోయి లెక్క చెప్పిన. ఇంకో 116 ఇచ్చిండు. రసీదు బుక్కు ఏడ వెట్టినవ్?"