అంతర్వేది వెళ్దామని బయల్దేరితే యుద్ధం ఎదురొచ్చింది

2025 సెప్టెంబర్ 10న పొద్దున్నే రాజమండ్రిలో రైలు దిగాను. ప్లాను చాలా చిన్నది. స్నేహితుడి పాత కారులో కోనసీమ చుట్టి, అంతర్వేదిలో నరసింహస్వామి దర్శనం చేసుకుని, సఖినేటిపల్లి రేవులో కారుతో సహా పంటి ఎక్కి నరసాపురం దాటి, భీమవరం అవతల వాడి బావగారి రొయ్యల చెరువు గట్టు మీద రెండు పూటలు తిని పడుకోవడం. ప్రపంచ రాజకీయాలు మాట్లాడుకోవాలని ఇద్దరికీ లేదు, ఆఫీసులో అవే మాటలు విని విని విసుగెత్తి ఉన్నాం. కానీ ధవళేశ్వరంలో టీ కొట్టు దగ్గరే మొదలైపోయింది.

కొట్లో టీవీ నడుస్తోంది. రాత్రి రష్యా డ్రోన్లు పోలండ్ గగనతలంలోకి దూరాయట, అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి నాటో విమానాలు కొన్నింటిని కూల్చాయట. ఎదురుగా బ్యారేజీ, 175 గేట్లు, వాటి కింద నుంచి ఎర్రటి నీళ్లు సుళ్లు తిరుగుతూ పోతున్నాయి. నేను టీవీ వైపు, మా వాడు నీళ్ల వైపు. పక్క బల్ల మీద కూర్చున్న పెద్దాయన ఏటిగట్లు కాపలా కాసే లస్కరుగా చేసి రిటైరయ్యారట. ఆయనకి టీవీతో పని లేదు. ఇక్కడ నీటిమట్టం 11.75 అడుగులకొస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని ఆయన చెప్తుంటే పాఠం అప్పజెప్పినట్టు ఉంది. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు రాత్రంతా గట్టు మీదే ఉన్నారట. "గండి పడకముందు అయితే పది బస్తాల ఇసక చాలండి. పడ్డాక లారీలకు లారీలు పోసినా కొట్టుకుపోద్ది. పైగా పడకముందు ఎవుడూ రాడండి, పడ్డాక అందరూ వత్తారు."

కారెక్కాక ఆ మాట వదల్లేదు. ఎందుకంటే ఉక్రెయిన్ మీద రష్యా దాడి విషయంలో కూడా హెచ్చరికలు వరసగానే వచ్చాయి. 2008లో రష్యా సైన్యం జార్జియాలోకి వెళ్లింది, కొన్ని నెలలు అందరూ మొహం మాడ్చుకుని తర్వాత మామూలైపోయారు. 2014లో క్రిమియాని కలిపేసుకుంది, ఆంక్షలు పెట్టారు, పెట్టిన మరుసటి ఏడాదే జర్మనీ కంపెనీలు రష్యా నుంచి ఇంకో గ్యాస్ పైపులైనుకి ఒప్పందం చేసుకున్నాయి. 2021 చివర సరిహద్దులో సైన్యం చేరుతోందని అమెరికా గూఢచారి సమాచారాన్ని బహిరంగంగానే బయటపెట్టింది. అప్పుడు ఉక్రెయిన్ ఆయుధాలు అడిగితే జర్మనీ పంపుతామన్నది 5,000 హెల్మెట్లు. నిజంగానే హెల్మెట్లు. దాడి జరిగిన మూడో రోజుకి అదే జర్మనీ ఛాన్సలర్ ఓలాఫ్ షోల్జ్ సైన్యం కోసం 10,000 కోట్ల యూరోల నిధి ప్రకటించారు. లస్కరు గారి లారీలన్నమాట.

అంబాజీపేటలో పొట్టిక్కలు తిన్నాం. పనసాకు వాసన ఇడ్లీకి ఎంత పడుతుందో తిన్నవాళ్లకే తెలుసు, దాని గురించి ఇంకోసారి రాస్తాను.

మధ్యాహ్నం మలికిపురం దగ్గర పల్లెలో మా వాడి పెద్దమ్మ ఇంట్లో భోజనం. ఆ చుట్టుపక్కల డాబా ఇళ్లు చాలావరకు గల్ఫ్ డబ్బుతో లేచినవే. పెద్దమ్మగారు 1987లో కువైట్ వెళ్లారు, ఇంటి పనికి. అక్కడి భాషలో ఖద్దామా. నాకు ఈ సంగతి అప్పటిదాకా తెలీదు. పొద్దున టీవీలో చూసింది చెప్పుకుంటుంటే, చేపల పులుసు వడ్డిస్తున్న ఆవిడ గరిట పట్టుకుని అలాగే ఆగిపోయారు. "పక్కదేశం మీద పడటం నేను చూశాను నాయనా" అన్నారు.

1990 ఆగస్టు 2, గురువారం. తెల్లారకుండానే హెలికాప్టర్ల మోత, కిటికీ అద్దాలు గడగడా కొట్టుకోవడం. ఇరాక్ నియంత సద్దాం హుస్సేన్ సైన్యం కువైట్‌లోకి వచ్చేసింది. మూడో రోజుకి ఆవిడ పనిచేసే ఇంటి యజమానులు కారులో సౌదీ వైపు వెళ్లిపోతూ, తాళాల గుత్తి ఈవిడ చేతిలో పెట్టి ఇల్లు చూస్తూ ఉండమన్నారట. ("చూస్తూ ఉండమంటే ఏం చూడాలి? మిలట్రీ వాళ్లొచ్చి ఏసీలు ఊడదీసుకుపోతుంటే చూశాను.") మన గోదారి జిల్లాల వాళ్లు, కడప వాళ్లు ఒక ముప్పై మంది కూడి బస్సు మాట్లాడుకుని ఇరాక్ మీదుగా జోర్డాన్ సరిహద్దుకి చేరారు. అక్కడ ఎడారిలో గుడారాలు, నీళ్ల లారీ వచ్చినప్పుడల్లా తోపులాట, తర్వాత అమ్మాన్‌లో విమానం, బొంబాయి. ఆ రెండు నెలల్లో మన విమానాలు లక్షకు పైగా మనవాళ్లని అలా తీసుకొచ్చాయి. ఆవిడ చీర కొంగున ముడేసుకొచ్చిన దినార్లు మాత్రం బొంబాయిలో ఎవరూ ముట్టుకోలేదు. ఒక నోటు ఇంకా బీరువాలో ప్లాస్టిక్ కవర్లో ఉంది, తీసి చూపించారు.

"మళ్లీ వెళ్లలేదా పెద్దమ్మగారూ?"

"వెళ్లక? 92లో వెళ్లాను, ఆ ఇంటికే. వాళ్ల దేశం వాళ్లకి ఏడు నెలల్లో వచ్చేసిందిగా."

తర్వాత ఆవిడ వేసిన ప్రశ్నకి నా దగ్గర తడుముకోకుండా చెప్పే జవాబు లేదు. మరి ఈ ఉక్రెయినోళ్లకి మూడేళ్లు దాటినా ఎందుకు రాలేదు?

చెప్పడానికి ప్రయత్నించాను. కువైట్ మీద దాడి జరిగిన రోజే ఐరాస భద్రతా మండలి ఇరాక్‌ని వెనక్కి పొమ్మని తీర్మానం చేసింది, సోవియట్ యూనియన్ కూడా దానికి ఓటేసింది. నాలుగు రోజుల్లో ఇరాక్‌తో వ్యాపారం మొత్తం నిషేధం. నవంబర్ 29న గడువు పెట్టారు, జనవరి 15 లోపు పోకపోతే బలప్రయోగం అని. పోలేదు. జనవరి 17న విమానాలు లేచాయి, ఫిబ్రవరి 24న భూమ్మీద యుద్ధం మొదలై వంద గంటల్లో అయిపోయింది. రష్యా సైన్యం ఉక్రెయిన్‌లోకి దిగింది కూడా ఫిబ్రవరి 24నే, 2022లో. తేదీ ఒకటే, మిగతాదంతా వేరు. ఈసారి దాడి చేసిన దేశమే భద్రతా మండలిలో, ఏ తీర్మానాన్నైనా ఒక్కటే ఆపెయ్యగల వీటో ఉన్న కుర్చీలో కూర్చుంది, మర్నాడే తీర్మానాన్ని వీటో చేసింది. దాని దగ్గర అణ్వాయుధాలున్నాయి. ఉక్రెయిన్ దగ్గరా ఒకప్పుడు సోవియట్ కాలంనాటివి ఉండేవి. 1994లో బుడాపెస్ట్‌లో అమెరికా, బ్రిటన్, రష్యా మీ సరిహద్దుల జోలికి రామని సంతకాలు పెడితే వాటిని ఇచ్చేసింది.

పెద్దమ్మగారు అంతా విని, "మా ఊరి చెరువు గట్టు ఆక్రమించింది సర్పంచే. ఇంక పంచాయతీలో తీర్మానం ఎలా పడుద్ది?" అని మజ్జిగ పోశారు.

అంతర్వేదిలో దర్శనం పది నిమిషాల్లో అయిపోయింది, జనం లేరు. అన్నాచెల్లెళ్ల గట్టు దాకా నడిచి గోదావరి సముద్రంలో కలిసే చోట కాసేపు నిలబడ్డాం. ఎర్ర నీళ్లూ నీలం నీళ్లూ కలవడం ఇష్టం లేనట్టు చాలా దూరం పక్కపక్కనే వెళ్తాయి. సాయంత్రానికి సఖినేటిపల్లి రేవుకొస్తే పంటి ఆపేశారు. నీళ్లు ఎక్కువగా ఉన్నాయి, రేపు చూద్దాం అన్నారు. ఎదురుగా నరసాపురం లైట్లు కనిపిస్తున్నాయి, వెళ్లడానికి లేదు. అరగంట రేవులోనే కూర్చుని పోట్లాడుకున్నాం.

మా వాడి వాదన: మనకెందుకు ఇదంతా? 2003లో అబద్ధపు కారణం చెప్పి ఇరాక్ మీద పడింది అమెరికానే కదా, అది ప్రజాస్వామ్యమే కదా, అప్పుడు ఎవరు ఆంక్షలు పెట్టారు? దీనికి నా దగ్గర సమాధానం లేదు, ఉన్నట్టు నటించడం కూడా ఇష్టం లేదు. మన సంగతే తీసుకుందాం అన్నాను. 1990లో విదేశాంగ మంత్రి ఐ.కె. గుజ్రాల్ బాగ్దాద్ వెళ్లి సద్దాంని కౌగలించుకుంటే ప్రపంచం తప్పుపట్టింది, కానీ పెద్దమ్మగారి లాంటి వాళ్లు అప్పుడు సద్దాం గుప్పిట్లో ఉన్నారు. 2022 మార్చి 2న ఐరాస సర్వసభ్య సభలో 141 దేశాలు రష్యాని ఖండించాయి, 5 వ్యతిరేకించాయి, ఓటు వెయ్యని 35లో మనం ఒకరం. ఆ రోజు ఖార్కివ్‌లో మన మెడికల్ స్టూడెంట్లు బంకర్లలో ఉన్నారు, అంతకు ముందు రోజే కర్ణాటక కుర్రాడు ఒకడు ఫిరంగి దాడిలో చనిపోయాడు. ఆ వారం వరకు నాకు అర్థమవుతుంది. పిల్లలు ఇంటికొచ్చేశాక కూడా అదే మౌనం ఎందుకు? రష్యా చమురు మన దిగుమతుల్లో రెండు శాతం కూడా లేనిది మూడో వంతు దాటింది, జవాబు అక్కడుంది. చవగ్గా వస్తే కొనడం తప్పు అని పేద దేశాన్ని అనలేం, నిజమే, కానీ దానికి నీతి రంగు పులమడం నాకు నచ్చదు.

మిగతా ప్రజాస్వామ్యాలు మాత్రం? ఆంక్షలు పెడతాయి, తమకి నొప్పి పుట్టే చోట మాత్రం చిన్న కన్నం వదిలేస్తాయి. 1935లో ఇటలీ నియంత ముస్సోలినీ అబిసీనియా (ఇప్పటి ఇథియోపియా) మీద పడ్డప్పుడు నానాజాతి సమితి ఆంక్షల్లో చమురు లేదు, ఉన్నట్టయితే ట్యాంకులు కదలడం కష్టమయ్యేది. 2022లో రష్యా బ్యాంకుల్ని దేశాల మధ్య చెల్లింపుల సందేశాలు నడిపే స్విఫ్ట్ నుంచి తీసేసిన రోజుల్లోనే యూరప్ రోజూ రష్యా గ్యాస్‌కి డబ్బు కట్టింది. ఆయుధాలూ అంతే. ముందు వద్దు, తర్వాత చర్చ, తర్వాత కొంచెం. ట్యాంకులు ఇస్తామనడానికి దాదాపు ఏడాది, ఎఫ్-16 యుద్ధవిమానాలు చేరడానికి రెండేళ్లు దాటింది. 6,100 కోట్ల డాలర్ల సాయం అమెరికా కాంగ్రెస్‌లో నెలల తరబడి ఆగి 2024 ఏప్రిల్లో గానీ బయటికి రాలేదు, ఆ లోపు ఉక్రెయిన్ వాళ్లు ఫిరంగి గుండ్లు లెక్కపెట్టుకుని కాల్చారు. అయినా ఇంకో వైపు కూడా చెప్పాలి. యూరప్ ఆ గ్యాస్‌ని నిజంగానే సగానికి పైగా తగ్గించుకుంది. దశాబ్దాలు ఏ సైనిక కూటమిలోనూ లేని ఫిన్లాండ్, స్వీడన్ నాటోలో చేరాయి. రష్యాకి చెందిన దాదాపు 30,000 కోట్ల డాలర్ల విదేశీ నిల్వలు ఇంకా స్తంభించే ఉన్నాయి. వారంలో పడిపోతుందన్న ఉక్రెయిన్ రాజధాని కీవ్ పడలేదు. నిదానం, బేరాలు, ఎన్నికలకో మాట మారడం, అన్నీ ఉన్నాయి, కానీ పూర్తిగా చేతులెత్తెయ్యలేదు.

"సరే, ఇంక పద" అన్నాడు మా వాడు. వెనక్కి తిరిగి దిండి మీదుగా చించినాడ వంతెన ఎక్కి, పాలకొల్లు దాటి బావగారి చెరువు దగ్గరికి చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర.

అక్కడ కూడా అదే యుద్ధం! అది మాత్రం నేను ఊహించలేదు.

బావగారివి లీజు చెరువులు, మొత్తం పన్నెండు ఎకరాలు, వనామీ రకం రొయ్య. చీకట్లో ఏరేటర్లు నీళ్లని చిమ్ముతూ రొద పెడుతున్నాయి, కరెంటు పోతే జనరేటర్ వెయ్యడానికి కుర్రాడు మంచం మీద సగం కళ్లు తెరుచుకుని పడుకున్నాడు. మన రొయ్యకి అతి పెద్ద కొనుగోలుదారు అమెరికా. ఆగస్టు మొదట్లో అక్కడ మన సరుకు మీద 25 శాతం సుంకం వేశారు. ఆగస్టు 27 నుంచి రష్యా చమురు కొంటున్నందుకు శిక్షగా ఇంకో 25. మరీ చవగ్గా అమ్ముతున్నారని వేసే పాత యాంటీ డంపింగ్ సుంకాలు వీటికి అదనం. పోటీలో ఉన్న ఈక్వడార్‌కి అప్పుడు 15 శాతమే. సుంకం కట్టేది అక్కడి దిగుమతిదారుడే గానీ, వాడు ఇక్కడి ఎగుమతిదారుడి ధర నొక్కుతాడు, ఎగుమతిదారుడు ఏజెంటుని, ఏజెంటు చెరువు గట్టు మీదకొచ్చి బావగారిని. మేత రేటు తగ్గలేదు, కరెంటు బిల్లు తగ్గలేదు, లీజు ముందే కట్టేశారు.

"యుద్ధం ఆపించడానికేనంటున్నారు కదండీ ఈ సుంకం. ఆగిందేంటండి?" అని అడిగారాయన, వెటకారం లేకుండానే.

ఆగస్టు 15న అలాస్కాలో ట్రంప్ ఎర్ర తివాచీ పరిచి పుతిన్‌ని ఆహ్వానించారు. అది జరిగిన పన్నెండో రోజుకి భీమవరం రొయ్య మీద శిక్ష అమల్లోకొచ్చింది. మనకన్నా ఎక్కువ రష్యా చమురు కొనే చైనా మీద అప్పుడు ఆ శిక్ష లేదు. యూరప్ అప్పటికీ రష్యా ద్రవ గ్యాస్ కొంటూనే ఉంది. 2022 డిసెంబర్లో జీ-7 ధనిక దేశాలు రష్యా చమురుకి బ్యారెల్‌కి 60 డాలర్ల పరిమితి పెట్టినప్పుడు ఉద్దేశం రష్యా చమురుని ఆపడం కాదు, చమురు పారుతూ ఉండాలి, రష్యాకి లాభం తగ్గాలి అని. ఆ పారే చమురు కొన్నవాళ్లలో మనం ఉన్నాం, దాదాపు మూడేళ్లకి అదే నేరమైంది. దురాక్రమణకి ఖరీదు కట్టించడం అవసరమే అని నేను పొద్దుట్నుంచి వాదిస్తున్నాను, ఇప్పుడూ అదే అంటాను. కానీ ఆ ఖరీదు తమ జేబులోంచి తియ్యడానికి వెనకాడిన వాళ్లు బావగారి జేబులో చెయ్యి పెడితే దాన్ని నేను ఆయనకి ఎలా సమర్థించను? సమర్థించలేదు. రష్యా చమురు చవగ్గా కొన్న లాభం తన చెరువు డీజిల్‌లో కనపడిందా అని మాత్రం అడిగాను. ఆయన నవ్వి జనరేటర్ వైపు చూశారు.

పొద్దున్నే మేత పడవ తిప్పాక రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే చెక్‌ట్రే పైకి లాగి చూపించారు. రొయ్యలు గాజులా మెరుస్తూ ఎగురుతున్నాయి. ఈ పంట ఇంకో మూడు వారాల్లో పట్టుబడికి వస్తుందట. ఆ తర్వాత హేచరీకి సీడ్ (రొయ్యపిల్లలు) ఆర్డరు చెప్పాలి, ఫోన్ చేతిలోనే ఉంది, నంబరు నొక్కడం లేదు. "సంక్రాంతి లోపు ఆ గొడవ తెగుద్దంటారా?" అని మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. మా వాడు నా వైపు చూశాడు. నేను ట్రేలో రొయ్యల్ని చూశాను.

"పోన్లెండి, రెండు చెరువులకే వేస్తాను. మూడోది ఎండబెడతా" అని ఆయన హేచరీకి ఫోన్ కలిపారు.