కోడూరు దాటాక ఒక ఇల్లు

మొన్న ఆదివారం దివిసీమ వెళ్లొచ్చాను. బెజవాడ బస్టాండ్ నుంచి అవనిగడ్డ దాకా మామూలే, ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి అంటూ ఆగుతూ పోయింది. అవనిగడ్డలో హంసలదీవికి రానూ పోనూ ఆటోవాడు పన్నెండు వందలన్నాడు, బేరమాడితే తొమ్మిది వందలకు దిగాడు, అదీ ఎక్కువే. అక్కడ కృష్ణ సముద్రంలో కలిసే సంగమం దగ్గర ఉన్నది అరగంట.

తిరిగొస్తూ కోడూరు దగ్గర ఎండకు తట్టుకోలేక ఓ ఇంటి ముందు ఆగి మంచినీళ్లు అడిగితే, మామ్మగారొకరు మజ్జిగిచ్చి అరుగు మీద కూర్చోమన్నారు. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత కట్టిన చిన్న డాబా అది. అంతకుముందు వాళ్లది చుట్టిల్లు, మట్టిగోడ, కిందిదాకా వాలిన తాటాకు కప్పు. గుండ్రటి గోడ కదా, గాలికి పట్టు దొరకదు, పక్కనుంచి జారిపోతుంది. చాలా తుఫాన్లకు నిలబడిందట. కానీ సముద్రమే ఊరి మీదికొస్తే మట్టిగోడ ఏం ఆగుతుంది? సర్కారు లెక్కలోనే పదివేల మంది దాకా పోయారు. మామ్మగారు చెల్లెలి పేరు చెప్పి కాసేపు ఏమీ మాట్లాడలేదు.

డాబా శ్లాబు అడుగున పెచ్చులూడి చువ్వలు కనబడుతున్నాయి. ఉప్పుగాలికి చువ్వ తుప్పు పడుతుంది, తుప్పు పట్టి ఉబ్బుతుంది, ఆ ఉబ్బుకే కాంక్రీటు లోపల్నుంచి పగులుతుంది. గోడకు మోకాలెత్తున చవుడు. వేలితో రాస్తే తెల్లటి పొడి, నాలిక మీద పెట్టుకుంటే ఉప్పే. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు గాలి చూరు కింద దూరి వంటింటి రేకులు లేపేసిందట, ఇప్పుడు వాటిని తాడేసి దూలానికి కట్టారు.

మాది బెజవాడలో సింగ్ నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు వరద మా ఇంట్లో నడుమెత్తున నిలబడింది. ఆ నీళ్ల గీత మూడుసార్లు రంగు వేయించినా మళ్లీ తేలుతోంది, నలభై వేలు పోశాను. ఇదంతా చెబితే మామ్మగారు, "ఏం వేశారు బాబూ?" అన్నారు. పుట్టీ పెట్టి ప్లాస్టిక్ పెయింట్ అన్నాను.

"మరి తడి ఎటు పోతుంది? మేం గోడ గీకేసి సున్నమే వేస్తాం, ఏటా సంక్రాంతికి."

రాత్రి ఇంటికి రాగానే, నాలుగోసారి రంగుకి మాట్లాడుకున్న పెయింటర్‌కి ఫోన్ చేసి ఇప్పుడే వద్దన్నాను. ముందు ఆ గీత దాకా ఉన్న ప్లాస్టరింగ్ ఊడగొట్టించి, ఎండాకాలమంతా గోడను ఆరనిస్తాను.